నవోదయ ఫలితంపై అప్పీలుకు వీలుందా?

ప్రశ్న: మా పాప నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసింది. కీతో సరిచూసుకుంటే 80 ప్రశ్నల్లో 68 కరెక్టు. అయినా ఎంపిక కాలేదు. పక్క ఊరి అమ్మాయికి 61 మాత్రమే కరెక్టయినా సీటొచ్చింది. మాదీ పల్లెటూరే. కాకపోతే పాప నాలుగో తరగతిలో రెండు నెలలు టౌన్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి అక్కడి బడికి వెళ్లింది. పేపరు మళ్లీ దిద్దమని అప్పీలు చేయొచ్చా? వినియోగదారుల ఫోరానికి వెళ్లమని కొందరంటున్నారు.

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ రెండు నెలల సంగతే ముందు చూడాలి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. ఆ కోటా కింద రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా అర్బన్ అభ్యర్థిగానే లెక్కగడతారు. 80 సీట్ల విద్యాలయమైతే గ్రామీణ వాటా 60 పోగా మిగిలేవి 20. వాటికి పట్టణం పిల్లలతో పాటు గ్రామీణ పిల్లలూ మెరిట్‌పై పోటీ పడతారు. 61 కరెక్టయిన అమ్మాయికి సీటొచ్చి, 68 కరెక్టయిన పాపకు రాకపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

కాబట్టి దరఖాస్తు ప్రింటు తీసి రూరల్/అర్బన్ గడిలో ఏముందో, కులం గడిలో ఏముందో చూడండి. నెట్ సెంటర్లలో నింపించే ఫారాల్లో ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. వాటిని దిద్దుకోవడానికి దరఖాస్తు గడువు ముగిశాక కొద్ది రోజులు పోర్టల్‌లో అవకాశం ఇస్తారు. అది దాటాక మార్చరు. ఇంకో మాట: ఓబీసీ అంటే ఇక్కడ కేంద్ర జాబితా. రాష్ట్రంలో బీసీ అయిన కులం కేంద్ర జాబితాలో లేకపోతే జనరల్ కిందకే వస్తుంది.

రీవాల్యుయేషన్ (పేపరు మళ్లీ దిద్దడం) సంగతికొస్తే, ఈ పరీక్షకు అలాంటి ఏర్పాటు లేదు. అది లేని చోట కోర్టులు ఎంత సంయమనం పాటించాలో రణ్ విజయ్ సింగ్ కేసులో (2018) సుప్రీంకోర్టు చెప్పింది. తర్కాలూ ఊహలూ అక్కర్లేకుండా తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తేనే, అదీ అరుదుగా, జోక్యం చేసుకుంటాయి. సందేహం ఉంటే దాని లాభం పరీక్ష నిర్వహించిన సంస్థకే. వినియోగదారుల ఫోరం మాట మరచిపోండి. పరీక్ష బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదనీ, విద్యార్థి వినియోగదారుడు కాడనీ 2009లోనే బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో తేలిపోయింది.

ఇక మీ చేతిలో ఉన్నది సమాచార హక్కు (ఆర్టీఐ). దిద్దిన జవాబు పత్రం చూసే, కాపీ పొందే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని ఆదిత్య బందోపాధ్యాయ కేసులో (2011) సుప్రీంకోర్టు చెప్పింది. నోయిడాలోని నవోదయ విద్యాలయ సమితి ప్రజా సమాచార అధికారికి కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు. మీ పేరుతో, పాప తండ్రిగా పెట్టి, జనన ధృవపత్రం, హాల్ టికెట్ జత చేయండి. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలి.

ఏం అడుగుతున్నారన్నది ముఖ్యం. 'ఎందుకు ఎంపిక చేయలేదు' అని అడిగితే అది సమాచారం కాదంటారు. రికార్డులే అడగండి: పాప ఓఎంఆర్ షీటు (జవాబులు గుర్తించిన పత్రం) కాపీ, తన ప్రశ్నపత్రం బుక్‌లెట్ కోడ్‌కు వాడిన తుది కీ, తనను ఏ కేటగిరీలో, రూరల్‌గానా అర్బన్‌గానా తీసుకున్నారు, ఆ కేటగిరీలో చివరగా ఎంపికైనవారి మార్కులు, వెయిటింగ్ లిస్టులో పాప స్థానం. పక్క ఊరి అమ్మాయి మార్కులు పేరుతో అడగకండి. అది మూడో వ్యక్తి సమాచారమని తిరస్కరించే వీలుంది. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

షీటు చేతికొచ్చాక బుక్‌లెట్ కోడ్ ముందు చూడండి. ఇంట్లో వేరే కోడ్ కీతో సరిచూసుకుంటే ఆ 68కి విలువ లేదు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు, నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి అసలు మార్కులు మీరే లెక్కగట్టొచ్చు.

పాప షీటులోని సమాధానాలకూ వాళ్లిచ్చిన మార్కులకూ పొంతన లేకపోయినా, గ్రామీణ విద్యార్థినే అని చూపే కాగితాలుండగా అర్బన్‌లో వేసినా అప్పుడు మీకు కేసు ఉంది. వెంటనే మీ జిల్లా నవోదయ ప్రిన్సిపాల్‌కు, సమితి హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో వినతిపత్రం పంపి రసీదు దాచుకోండి. జిల్లా కలెక్టర్ విద్యాలయ యాజమాన్య కమిటీ ఛైర్మన్, ఆయనకూ కాపీ పంపొచ్చు. కానీ జాబితా మార్చే అధికారం ఆయనకు ఉండదు. ఫలితం లేకపోతే హైకోర్టులో రాజ్యాంగ 226 అధికరణ కింద రిట్ పిటిషన్ వేయాలి. మైనర్ కాబట్టి పాప తరఫున మీరు వేస్తారు. అందులో ఒక సీటు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు తప్పక కోరాలి. సీట్లన్నీ వెయిటింగ్ లిస్టుతో నిండిపోయాక గెలిచినా దక్కేది తక్కువ. ఫలితం వచ్చిన నెలల తర్వాత వెళితే ఆలస్యమే మీకు ఎదురుతిరుగుతుంది. ఫీజు భారమైతే, పిల్లలు ఉచిత న్యాయ సహాయానికి 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద అర్హులు. హైకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వండి.

ఏదేమైనా ఆ రెండు నెలలు దాచి అఫిడవిట్ వేయకండి. టౌన్ బడి హాజరు పట్టీ, టీసీ ఒక్కటి చాలు పిటిషన్ కొట్టివేయించడానికి. తప్పుడు స్టడీ సర్టిఫికెట్‌తో వచ్చిన సీటు చేరాక బయటపడినా రద్దవుతుంది. అక్కడ నిజంగా పేరు నమోదైందా, లేక ఊరికే వెళ్లి కూర్చుందా అన్నది రెండు బడుల రిజిస్టర్లు చూసి తేల్చుకోండి. ఊరి బడి రికార్డులోనే ఏడాదంతా పేరు కొనసాగితే మీ వాదన పూర్తిగా మారుతుంది.

ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరు. అయితే ఎనిమిదో తరగతి చదివే ఏడాది, తొమ్మిదిలో మిగిలిన ఖాళీలకు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. దానికి పాప అదే జిల్లాలోని గుర్తింపు పొందిన బడిలో చదువుతుండాలి.