కండక్టర్ గారిని అడగండి: మైపాడుకి ఏ బస్సు, పాకలకి ఏ స్టేషన్?

ఈసారి ఉత్తరాలన్నీ నెల్లూరు, ప్రకాశం తీరం గురించే. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి, బస్టాండు కంట్రోలరుగా రిటైరైనవాణ్ణి. ఏ హోటల్లో గది బాగుంటుంది, ఎక్కడ నిలబడితే ఫొటో బాగా పడుతుంది అని నన్నడిగితే చెప్పలేను. ఎలా పోవాలి, ఎలా తిరిగి రావాలి అంటే మాత్రం చెప్తాను.

ప్రశ్న: కండక్టర్ గారూ, హైదరాబాద్ నుంచి మూడు రోజులకి వస్తున్నాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, మేమిద్దరం. కొత్తపట్నం, పాకల, మైపాడు మూడూ చూడాలని ఉంది. మ్యాపులో మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. సముద్రం ఒడ్డు వెంబడే కారులో పోవచ్చు కదా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కుదరదమ్మా. మన తీరం చేప ముల్లు లాంటిది. నడుమ వెన్ను ఉంది: చెన్నై-విజయవాడ రైలు మార్గం, దానికి తోడుగా 16వ నంబరు జాతీయ రహదారి. గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు అన్నీ ఈ వెన్ను మీద ఊళ్లే. సముద్రం దానికి తూర్పున, ఒకచోట పది కిలోమీటర్లు, ఇంకోచోట పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒక్కో బీచ్‌కి ఒక్కో రోడ్డు విడిగా పోయి, ఇసుకలో ఆగిపోతుంది. ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి పోవాలంటే మళ్లీ వెనక్కి హైవే ఎక్కాల్సిందే. మధ్యలో ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ ఉన్నాయి. మ్యాపులో సన్నగా కనపడే దారిని నమ్ముకుని చెరువు గట్ల మీద కారు తోలి, వెనక్కి తిప్పుకునే చోటు కూడా లేక ఏడ్చినవాళ్లని చూశాను.

కాబట్టి ఒకే ఊళ్లో మూడు రోజులు గది తీసుకోకండి. ముందు ఒంగోలు, తర్వాత నెల్లూరు. టికెట్లు కూడా అలాగే చేయించుకోండి: వచ్చేటప్పుడు ఒంగోలుకి, పోయేటప్పుడు నెల్లూరు నుంచి. పోను రాను ఒకే స్టేషన్‌కి చేయించుకుని, ఆఖరి రోజు ఆ స్టేషన్‌కి తిరిగి రావడానికే సగం రోజు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనాల లోపే ఒంగోలులో దించుతుంది. పిల్లలతో, పెద్దావిడతో అదే సుఖం. ఒంగోలు తర్వాత మళ్లీ నెల్లూరులోనే ఆగుతుంది, నడుమ సింగరాయకొండ, కావలి ఏవీ ఉండవు. రాత్రి ప్రయాణం అలవాటైతే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది, గూడూరు దాకా పోతుంది.

దిగిన రోజు సాయంత్రం కొత్తపట్నం. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. పల్లెవెలుగు బస్సులున్నాయి, షేర్ ఆటోలున్నాయి. మీకు మాత్రం రెండూ వద్దంటాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి పల్లెవెలుగు మెట్టు ఎక్కడమే కష్టం, ఇక షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నాక ఆమె కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది? కారు మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడు ‘అప్ అండ్ డౌన్, అక్కడ రెండు గంటలు వెయిటింగ్’ అని ముందే ఖాయం చేసుకోండి. ఉత్త ‘కొత్తపట్నం ఎంత?’ అని అడిగితే పోవడానికి ఒక రేటు, చీకటి పడ్డాక రావడానికి ఇంకో రేటు అవుతుంది. కారుని ఇసుక మొదలయ్యే చోటే ఆపించండి. ‘ఇంకొంచెం ముందుకి పోనీ’ అన్నారో, చక్రం దిగబడి, జాలర్లు వచ్చి తాడు వేసి లాగాలి. అక్కడి నుంచి నీళ్ల దాకా నడక తప్పదు, అత్తగారి కోసం మడత కుర్చీ ఒకటి పెట్టుకోండి.

రెండో రోజు అదే కారులో టంగుటూరు మీదుగా సింగరాయకొండ, అక్కడి నుంచి తూర్పుకి తిరిగితే పాకల. స్టేషన్ నుంచి పది కిలోమీటర్ల లోపే. సింగరాయకొండలో వరాహ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది, పొద్దున్నే దర్శనం చేసుకుని ఎండ ముదరక ముందే బీచ్ చూసుకోవచ్చు. తర్వాత కారు ఒంగోలు తిప్పకుండా అలాగే నెల్లూరు పోవచ్చు. దారిలో ఉలవపాడు వస్తుంది. వేసవిలో అయితే హైవే పక్కన మామిడి బుట్టలు వరసగా పెట్టి ఉంటాయి. బేరం చెయ్యండి, మొదటి బుట్ట దగ్గర మాత్రం కొనకండి. కారు ఖర్చు ఎక్కువనుకుంటే ఆ రోజు ఒంగోలు తిరిగొచ్చేసి, మర్నాడు పొద్దున్నే విజయవాడలో బయల్దేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోలులో ఎక్కండి, నెల్లూరు 120 కిలోమీటర్ల లోపే. అన్నట్టు పినాకిని అంటే మన పెన్నమ్మే.

మూడో రోజు మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సు మైపాడు గేటు మీదుగా, వరి పొలాల మధ్యగా పోతుంది. నాకైతే ఆ రూటంటే ప్రాణం. మీరు మాత్రం ఆ రోజు కూడా కారే పెట్టుకోండి, రాత్రికి రైలుంది కదా, టెన్షన్ ఎందుకు? ఇంకో మాట. అక్కడ అలలు పైకి మెత్తగా కనపడతాయి, లోపల లాగేస్తాయి. పిల్లలని మోకాటి లోతు దాటనివ్వకండి.

ప్రశ్న: మేం నలుగురం ఆడవాళ్లం, కావలి నుంచి ఆదివారం మైపాడు పోయి సాయంత్రం వచ్చేద్దామనుకుంటున్నాం. స్త్రీశక్తి టికెట్ మీద మొత్తం ఫ్రీగా పోవచ్చా? మాలో ఒకమ్మాయి ఆధార్ బెంగళూరు అడ్రసుతో ఉంది.
– ఓ టీచరు, కావలి

జవాబు: పోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మన రాష్ట్రం ఆడవాళ్లకి టికెట్ లేదు. కావలి నుంచి నెల్లూరుకి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, నెల్లూరులో మైపాడు పల్లెవెలుగు. తొందరలో సూపర్ లగ్జరీ ఎక్కి కూర్చుంటే డబ్బులు కట్టాలి. బెంగళూరు ఆధార్ అమ్మాయికి మామూలు టికెట్టే. ఫ్రీ అని ఊరుకోకుండా జీరో టికెట్ అడిగి తీసుకోండి. చెకింగ్ వస్తే మీ చేతిలో, కండక్టరు లెక్కలో రెండు చోట్లా అది ఉండాలి.

తిరుగు బస్సు సంగతి మాత్రం జాగ్రత్త. సాయంత్రం చీకటి పడేవేళకి నెల్లూరు నుంచి ఒక బస్సు వస్తుంది, హమ్మయ్య అని మీరు లేచి ఇసుక దులుపుకుంటారు. అది నైట్ హాల్ట్ బస్సు కావచ్చు. అంటే ఆ రాత్రికి ఆ ఊళ్లోనే పడుకుని, తెల్లవారుజామున కూరగాయలవాళ్లనీ, కాలేజీ పిల్లలనీ ఎక్కించుకుని టౌనుకి పోతుంది. డ్రైవరు అప్పటికే లుంగీ కట్టుకుని ఉంటాడు. ఎన్ని కుటుంబాలు ఆ బస్సు కోసం ఎదురుచూసి, అది కదలదని తెలిశాక నా మీద అరిచాయో! అందుకని బస్సు ఎక్కగానే కండక్టరుని అడగాల్సింది ‘మైపాడు ఎప్పుడు చేరతాం’ అని కాదు. ‘నెల్లూరుకి తిరిగొచ్చే ఆఖరి ట్రిప్పు ఎప్పుడు’ అని. దానికి ముందు ట్రిప్పుకే బయల్దేరండి. కార్తీక పౌర్ణమి లాంటి రోజుల్లో సముద్ర స్నానాలకి జనం బాగా వస్తారు, అప్పుడు ఆఖరి ట్రిప్పులో నిలబడటానికి కూడా చోటు దొరకదు.

అడగకపోయినా ఇంకొకటి చెప్తాను. మీ కావలికి దగ్గర్లోనే తుమ్మలపెంట బీచ్ పెట్టుకుని మైపాడు దాకా ఎందుకమ్మా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి నవంబరు ఆఖర్లో చెల్లెలి పెళ్లికి వస్తున్నాడు. పెళ్లి ఒంగోలులో. చెన్నైలో దిగి కారులో రమ్మనాలా? నెల్లూరుకి విమానం లేదా?
– ఓ తండ్రి, ఒంగోలు

జవాబు: నెల్లూరుకీ లేదు, ఒంగోలుకీ లేదు. దగదర్తిలో విమానాశ్రయం అని ఎప్పటి నుంచో వింటున్నాం. నెల్లూరువాళ్లకి చెన్నై గానీ రేణిగుంట గానీ దగ్గర. మీ ఒంగోలుకి మాత్రం చెన్నై కన్నా గన్నవరం దగ్గర, సుమారు సగం దూరం. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో విమానం మారి గన్నవరంలో దిగమనండి. చెన్నైలోనే దిగితే, అంత ప్రయాణం చేసి వచ్చిన మనిషిని మళ్లీ రాత్రిపూట హైవే మీద 300 కిలోమీటర్లు కూర్చోబెట్టొద్దు. ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఎక్కితే నేరుగా సెంట్రల్‌లో దిగుతాడు, అక్కడ రైలు.

నాకు భయమల్లా తారీఖు గురించే. మనకి వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ వాయుగుండం ఎటు తిరుగుతుందో తెలీదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి, నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే కూడా దెబ్బతింది. ఇందాక వెన్ను అన్నానే, అది విరిగితే రైలుకీ బస్సుకీ ఒకేసారి దారి పోతుంది, పక్కనే ఇంకో దారి ఉండదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా రైళ్లు చాలా రద్దయ్యాయి. ముహూర్తానికి ముందురోజు దిగేలా టికెట్ తియ్యకండి. కనీసం రెండు రోజులు చేతిలో పెట్టుకోమనండి. పెళ్లికొడుకు తరపువాళ్లకి కూడా ఈ మాట చెప్పండి.

ప్రశ్న: చెన్నై నుంచి ఒక్కరోజులో పులికాట్ ఫ్లెమింగోలు చూసి రావచ్చా? కారు లేదు.
– ఓ విద్యార్థి, చెన్నై

జవాబు: హాయిగా. చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్లూరుపేటకి లోకల్ రైళ్లున్నాయి, 80 కిలోమీటర్ల పైచిలుకు. సూళ్లూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకుని శ్రీహరికోట రోడ్డు మీదకి పోతే, ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలం పొద్దున్నే వస్తే రోడ్డు పక్కన నిలబడే చూడొచ్చు. రోడ్డు చివర షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం గేటు. పాసు లేకుండా లోపలికి పోనివ్వరు. సరస్సు మధ్యలోనే ఆపమని ఆటో అతనికి ముందే చెప్పండి, లేకపోతే గేటు దాకా తీసుకెళ్లి ‘వచ్చేశాం’ అంటాడు. గూడబాతులు కావాలంటే నేలపట్టు, అది దొరవారిసత్రం వైపు. 2022లో జిల్లాలు మారాక ఇదంతా తిరుపతి జిల్లా అయింది, అయినా నెల్లూరు గురించి అడిగే ప్రతివాళ్లూ దీన్నీ కలిపే అడుగుతారు.

ప్రశ్న: ఒంగోలు నుంచి వాడరేవుకి బైకు మీద పోదామని. హైవే ఎక్కాలా?
– ఓ ఇంజినీరింగ్ కుర్రాడు, ఒంగోలు

జవాబు: 16 కాదు, 216 ఎక్కు బాబూ. ఒంగోలులో మొదలై చీరాల, బాపట్ల, మచిలీపట్నం మీదుగా కత్తిపూడి దాకా పోతుంది. చీరాల నుంచి వాడరేవు ఏడెనిమిది కిలోమీటర్లు. దారిలో చినగంజాం వైపు తిరిగి మోటుపల్లి చూసి పో. ఒకప్పుడు కాకతీయుల రేవు అది. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అక్కడి వీరభద్రాలయంలో ఉంది. అంతకుముందు ఓడ గాలివానకి కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులో సరుకు రాజుదయ్యేదట. ఇకపై సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయం లేకుండా రండి అని వర్తకులకి రాసిచ్చాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో కూడా చెక్కించాడు. ఛార్జీ ముందే చెప్పే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. హెల్మెట్ పెట్టుకో.

ప్రశ్న: మా తాతగారు బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద మద్రాసు పోయేవారట. ఇప్పుడేమైనా పడవలున్నాయా?
– ఓ పాఠకుడు, అల్లూరు

జవాబు: ప్రయాణానికి లేవండి. 1876-78 ధాత కరువులో కూలి పనుల కింద తవ్వించి ఆ కాలువని చాలా మేర పొడిగించారు, అప్పటి మద్రాసు గవర్నరు పేరే పెట్టారు. పెదగంజాం నుంచి మద్రాసు దాటి దక్షిణానికి పోతుంది. ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసు పోయేవని మా అమ్మ చెప్పేది. రోడ్లు, లారీలు వచ్చాక సరుకు అటు మళ్లింది, తుపాన్లకి కాలువ పూడిపోయింది. జాతీయ జలమార్గం 4లో దీన్ని కూడా కలిపారు. కానీ టికెట్ కొని ఎక్కే పడవ నాకెక్కడా కనపడలేదు.

ప్రశ్న: బీచ్ నుంచి ఎండు చేపలు కొని బస్సులో తెచ్చుకుంటే కండక్టర్లు ఎక్కనివ్వరా?
– ఓ గృహిణి, గుంటూరు

జవాబు: మూత గట్టిగా ఉన్న స్టీలు క్యాను అయితే నేనెప్పుడూ ఆపలేదు. ప్లాస్టిక్ కవర్లో తెస్తే మాత్రం పల్లెవెలుగులో కూడా పక్కవాళ్లు గొడవపడతారు. ఏసీ బస్సులో అసలు తీసుకురావద్దు, కిటికీలు తెరుచుకోవు. కవరుకి కవరు వేసి, పైన పాత న్యూస్‌పేపరు చుట్టి, క్యానులో పెట్టి, వెనక సీటు కింద పెట్టుకోండి. దిగేటప్పుడు మర్చిపోకండి.