‘వేస్తారు’, ‘వేశారు’: సర్వే ఫార్వర్డ్ చేస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది భీమవరం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. 2024 అసెంబ్లీ ఎన్నికలప్పుడు, పోలింగ్ ముందురోజు మే 12 రాత్రి, గ్రూపులో ఒకాయన ‘ఈసారి ఫలానా పార్టీదే గెలుపు’ అని ఓ సర్వే పెట్టారు. అది చూసి మా బావమరిది ‘ఎలాగూ మనవాళ్లే గదా’ అని ఓటుకే వెళ్లలేదు. 14వ తేదీన ‘ఓటేసి వచ్చినవాళ్లను అడిగి చేసిన సర్వే’ అంటూ ఒక స్క్రీన్‌షాట్ వస్తే, పోలింగ్ అయిపోయింది కదా అని నేనే గ్రూపులో పెట్టాను. ఇప్పుడు మెయింటెనెన్స్ డబ్బుల దగ్గర గొడవొచ్చి, పక్క ఫ్లాట్ ఆయన ఆ స్క్రీన్‌షాట్ బయటికి తీసి కేసు పెడతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా నేరమా?

జవాబు: మీ గ్రూపులోకి వచ్చినవి రెండూ సర్వేలే అయినా, చట్టం దృష్టిలో రెండూ ఒకటి కాదు. ‘ఎవరికి వేస్తారు?’ అని అడిగితే ఒపీనియన్ పోల్. ‘ఎవరికి వేశారు?’ అని అడిగితే ఎగ్జిట్ పోల్. మనకు ఒక అక్షరం తేడా. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో మాత్రం వేర్వేరు సెక్షన్లు.

ముందు మీ స్క్రీన్‌షాట్ సంగతి. ఎగ్జిట్ పోల్స్ మీద నిషేధం 126ఎ సెక్షన్‌లో ఉంది. 2010 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మీరు పొరబడింది ఒక్కచోటే: పోలింగ్ అయిపోయింది మన రాష్ట్రంలో, దేశంలో కాదు. మన అసెంబ్లీతో పాటే వచ్చిన లోక్‌సభ ఎన్నికలు దేశమంతా ఏడు దశల్లో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌కి మే 13 నాలుగో దశ. నిషేధం ఏప్రిల్ 19 ఉదయం 7 గంటలకు మొదలై, జూన్ 1 సాయంత్రం 6:30 వరకు నడిచింది. అంటే మనం వేలికి సిరా పూయించుకుని వచ్చాక కూడా 19 రోజులు ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. సెక్షన్‌లో పత్రికలు, టీవీతో పాటు ఇంటర్నెట్, మొబైల్ కూడా ఉన్నాయి, ‘మరే విధంగానైనా’ అనే మాటా ఉంది. కాబట్టి ‘నాది టీవీ చానల్ కాదు, వాట్సాపే’ అనే జవాబు గట్టిగా నిలవదు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

కాగితం మీద ఇది మీకు వ్యతిరేకంగానే ఉంది, అది దాచను. అయితే ఆ స్క్రీన్‌షాట్ వెనక అసలు సర్వే జరిగిందో లేదో, ఓటర్లను అడిగారో లేదో రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసిన పక్షమే. ఎవరో ఇంట్లో కూర్చుని అంకెలు టైప్ చేసి పంపితే, దాన్ని ఎగ్జిట్ పోల్ అనవచ్చా అనేది మీ లాయరు తప్పకుండా లేవనెత్తే ప్రశ్న. 2017లో ఉత్తరప్రదేశ్‌లో మొదటి దశ పోలింగ్ కాగానే ఎగ్జిట్ పోల్ వేసినందుకు, ఎన్నికల సంఘం చెప్పడంతో, ఒక హిందీ పత్రిక వెబ్‌సైట్ మీద కేసులు పడ్డాయి, ఎడిటర్ ఒకరు అరెస్టయ్యారు. అది లక్షల మంది చూసే సైటు, మీది అపార్ట్‌మెంట్ గ్రూపు. కోర్టు ఆ తేడా చూస్తుంది. పక్క ఫ్లాట్ ఆయన మెయింటెనెన్స్ గొడవ వచ్చేదాకా ఎందుకు ఊరుకున్నాడో కూడా అడుగుతుంది. రెండేళ్ల శిక్ష ఉన్న నేరానికి కోర్టు విచారణకు తీసుకునే గడువు మూడేళ్లు. అది మీ విషయంలో 2027 మేతో తీరుతుంది.

ఇక 12వ తేదీ రాత్రి సర్వే. అది ‘వేస్తారు’ రకం కాబట్టి 126ఎ దాని జోలికి రాదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు, అంటే మీకు మే 11 సాయంత్రం 6 నుంచి, ఎన్నికల ఫలితాన్ని ప్రభావితం చేసే విషయాలు టీవీలాంటి సాధనాల్లో చూపకూడదని 126 సెక్షన్ అంటుంది. ఎన్నికల సంఘం ఒపీనియన్ పోల్స్‌ని ఇందులోనే కలుపుతుంది. వాట్సాప్ ‘టీవీలాంటి సాధనమా’ అన్నదాని మీద వాదించొచ్చు. ఇందులో వింత ఏమిటంటే ఆ సెక్షన్‌లో పత్రికల మాట లేదు. ఏదైనా దాని భారం పెట్టినాయనదే. సభ్యుడు పెట్టిన పోస్టుకి, ముందే మాట్లాడుకుని చేస్తే తప్ప, అడ్మిన్ నేరస్థుడు కాడని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి.

మీ బావమరిది సంగతికి చట్టంలో మందు లేదు. ఓటు వేయకపోవడం నేరం కాదు, సర్వే తప్పడమూ నేరం కాదు. లగడపాటి రాజగోపాల్ గారి అంచనా 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో, రెండుసార్లూ తలకిందులైంది. నమ్మి మోసపోయామని కోర్టుకెక్కినా నిలవదు. కాకపోతే ఆయనకు ఒక సంగతి చెప్పండి: 2019లో విజయవాడ సెంట్రల్ సీటు తేలింది 25 ఓట్ల తేడాతో. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఫ్లోర్ వాళ్లు చాలు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. అవతలాయన దగ్గర కాపీ ఉంది, మీరు తీసేస్తే దాచిపెట్టినట్టు కనిపిస్తుంది. మీకు అది ఎవరి నుంచి, ఎన్నింటికి వచ్చిందో ఆ చాట్ అలాగే ఉంచండి. నోటీసు వస్తే లాయరుతో కలిసే వెళ్లండి. రాకపోతే మీరే ముందుగా స్టేషన్‌కి వెళ్లి సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. మెయింటెనెన్స్ లెక్కలు మాత్రం ఈలోగా రాతపూర్వకంగా తేల్చేసుకోండి. అసలు గొడవ అక్కడుంది.