ఎనిమిదికి జడ్పీ హైస్కూల్లో వేయొచ్చా? మా అమ్మాయి మూడేళ్లలో నేను చూసింది

మీరు శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉంటున్నామని, పాప ప్రైవేటు బడిలో ఏడు చదువుతోందని, ఎనిమిదికి జిల్లా పరిషత్ హైస్కూల్లో వేస్తే పాఠాలు తప్ప ఇంకేమైనా చేయిస్తారా అని అడిగారు. మూడేళ్ల కిందట మా ఇంట్లో ఇదే మాట మీద నెల రోజులు నలిగాం. మాది గార మండలం. చివరికి మార్చేశాం. ఈ మార్చిలో మా అమ్మాయి పది రాసింది. అందుకని నేను కళ్లారా చూసిందే చెప్తాను.

మొదటి రెండు నెలలు నాకు నిద్ర పట్టలేదు. పాత బడిలో రోజూ డైరీ, దాని మీద నా సంతకం, వారానికో పరీక్ష. ఇక్కడ అలాంటి హడావుడి లేదు. పిల్ల నాలుగున్నరకి వచ్చి సంచి పడేసి ఆడుకోడానికి పోయేది. తప్పు చేశామేమో అనిపించేది.

ఆగస్టు వచ్చాక ఆ బెంగ పోయింది. 29వ తేదీ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. గిడుగువారు మన జిల్లా మనిషే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జనం నోట్లో మాట పుస్తకంలోకి రావాలని పోరాడినాయన. సవర గిరిజనుల పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని వాచకాలు రాసినాయన. మామూలుగా ఆ రోజున ఫొటోకి దండ, రెండు పద్యాలు, ఒక ఉపన్యాసం ఉంటాయి. వీళ్ల తెలుగు టీచరుగారు మాత్రం నెల ముందే పని అప్పజెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాట, పాఠ్యపుస్తకంలో కనపడనిది, రోజుకొకటి తేవాలి. ఎవరన్నారో, ఏ పని చేస్తూ అన్నారో కూడా రాయాలి.

ఆ సాయంత్రం మా అత్తగారు అరుగు మీద బియ్యం చెరుగుతున్నారు. పిల్ల నోటు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంది.

“మామ్మా, నాట్లని నువ్వేటంటావు?”

“నాట్లేటే? ఉభాలు.”

“భ కి ఒత్తుందా?”

ఆవిడ చేట కింద పెట్టేశారు. “ఒత్తో పొల్లో నాకేటి తెలుసు, చదువుకున్నదానివి నువ్వు. ఆకు తీసి, కట్టలు కట్టి, నడుం వంచి ఉడుస్తాం కదా, అదీ ఉభాలంటే” అని కుడిచేతి మూడు వేళ్లు ముడిచి గాలిలోనే నాలుగు మొక్కలు నాటి చూపించారు. పిల్ల అది కూడా రాసుకుంది, మూడు వేళ్లని.

ఇది నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. పాత బడిలో తెలుగు మాట దొర్లితే రూపాయి జరిమానా వేసేవారు. మెల్లగా ఇంటికి కూడా పాకింది ఆ జబ్బు. మామ్మ ‘ఏటి’ అంటే ‘ఏంటి అనాలి’ అని దిద్దేది. స్నేహితురాళ్లు వస్తే ఆవిడని లోపలికి పంపేసేది. ఆవిడ ఏమీ అనేవారు కాదు గాని, నాకు గుండెలో ముల్లులా ఉండేది. అలాంటి పిల్ల నెల రోజులు మామ్మని వదల్లేదు. చోళ్లు, ఆనపకాయ, పసుపు గుండ, ఏతం... ఒక్కో మాటకీ ఒక్కో కథ. ఒకరోజు బళ్లో రాగి జావ పోసేరని చెప్తే ఆవిడ నవ్వారు: “రాగి జావేటే, చోడంబలి కాదేటి! మీ నాన్నని దాంతోనే పెంచేను.” ఆ రోజు మాట అదే.

29న పిల్లలు వరసగా లేచి తలా ఐదు మాటలు చదివారు. సముద్రం ఒడ్డు ఊళ్ల పిల్లలు తెచ్చిన వలల పేర్లు, గాలుల పేర్లు ఇక్కడే పుట్టి పెరిగిన నేను కూడా వినలేదు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే పిల్లాడు గాలుల గురించి చెప్తుంటే హైస్కూలంతా విన్నది. మా అమ్మాయి ‘ఉభాలు’ దగ్గరికి వచ్చేసరికి వంగి మూడు వేళ్లతో నాటి చూపించి, “మా మామ్మ చెప్పింది” అంది. మా అత్తగారు చెట్టు కింద కుర్చీలో ఉన్నారు. కొంగు కళ్లకద్దుకున్నారు. నేనూ అంతే.

తొమ్మిదిలో సోషల్ మాస్టారు శాలిహుండం తీసుకెళ్లారు. మాకు ఆటో దూరమే, అయినా అంతవరకు పిక్నిక్కి తప్ప ఎవరం వెళ్లలేదు. కొండ మీద ఇటుకల స్తూపాలు, కింద వంశధార, దూరంగా కళింగపట్నం వైపు సముద్రం. ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగువారేనని అక్కడ చెప్పారట. “మన మాటలు ఏరమన్న ఆయనేనమ్మా!” అని ఇంటికొచ్చి ఎగిరింది.

ఆటల సంగతి. ఖోఖో, కబడ్డీ బాగా ఆడిస్తారు, మండల స్థాయి నుంచి పోటీలకి తీసుకెళ్తారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన ఊసవానిపేటలో పెరిగిన అమ్మాయే అని పీఈటీ మాస్టారు ఆడపిల్లలకి తరచూ గుర్తు చేసేవారు. సెప్టెంబరు 5న పదో తరగతి పిల్లలే టీచర్లయి బడి నడుపుతారు. మా అమ్మాయి నా చీర కట్టుకుని ఆరో తరగతికి భిన్నాలు చెప్పి, గొంతు పోయి వచ్చింది.

ఎనిమిదిలో మారుస్తున్నారు కాబట్టి ఇది తప్పకుండా గుర్తుంచుకోండి: కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదివే పిల్లలే రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడులో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకి 50. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు. మా బళ్లో బడి అయ్యాక ఒక గంట దీనికోసమే కూర్చోబెట్టారు. ఇంకొకటి, పది అయ్యాక ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటే, ప్రభుత్వ బడి పిల్లలకి మార్కులకు నాలుగు శాతం కలుపుతారు. ఇంగ్లీషు గురించి భయపడకండి, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. అర్థం చేసుకుని చదివే అలవాటు మా అమ్మాయికి అక్కడే పట్టింది.

లోట్లు కూడా చెప్తాను. తొమ్మిదిలో లెక్కల మాస్టారికి బదిలీ అయింది, కొత్తవారు వచ్చేసరికి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలు నేనూ మా ఆయనా రాత్రిళ్లు కూర్చుని చెప్పాం, చాలని చోట ట్యూషన్ పెట్టాం. ఆడపిల్లల మరుగుదొడ్లలో నీళ్లు లేని రోజులున్నాయి. నలుగురు తల్లులం కలిసి వెళ్లి అడిగితే మోటారు బాగుచేయించారు. అక్కడ అడిగేవాళ్లుంటేనే పనులవుతాయి. పేరెంట్స్ కమిటీ మీటింగుకి మానకుండా వెళ్లండి, మాట్లాడండి.

బడులు వేసవి సెలవులిచ్చేలోపు, అంటే ఏప్రిల్ మూడో వారంలోపే, ఒకసారి చూసి రండి. మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్తే మంచిది. హెడ్మాస్టరుగారి గదిలో కూర్చుంటే ఏమీ తెలియదు. పిల్లలతో పాటు బంతిలో కూర్చుని తినండి, చేతులు కడుక్కునే చోట నీళ్లున్నాయో చూడండి, గోడల మీద పిల్లలు రాసినవి, గీసినవి ఏమున్నాయో చదవండి. పాపని కూడా తీసుకెళ్లండి. ఎనిమిదో తరగతి ఆడపిల్లల పక్కన దాన్ని కాసేపు వదిలేసి మీరు పక్కకి రండి. మిగతాది ఇంటికొచ్చాక అదే చెప్తుంది.