రోటాక్యాప్ పనిచేయడం లేదంటే స్ప్రేకి మారాలా? మా అత్తయ్య అనుభవం

మీ నాన్నగారికి 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు), రెండు నెలలుగా రోటాక్యాప్స్ (రోటాహేలర్ అనే చిన్న పరికరంలో పెట్టి పీల్చే పొడిమందు క్యాప్సూల్స్) వాడుతున్నా ఆయాసం తగ్గలేదు, స్ప్రే పఫ్‌కి మారాలా, నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా చేసే కరెంటు మెషీన్) కొనేయాలా అని అడిగారు. ఇన్హేలర్ అలవాటైపోతుందని చుట్టాలు భయపెడుతున్నారనీ రాశారు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. రేపు పొద్దున ఆయన పీల్చడం అయ్యాక రోటాహేలర్ విప్పి లోపల క్యాప్సూల్ చూడండి. పొడి మిగిలి ఉందంటే మందు పనిచేయక కాదు, అసలు ఊపిరితిత్తుల దాకా పోవడం లేదన్నమాట.

నేను డాక్టర్ని కాను. గాజువాకలో ఉంటాం. 2013 నుంచి మా అత్తయ్య మందులు నేనే చూసుకుంటున్నాను. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. సగం జీవితం కట్టెల పొయ్యి దగ్గరే గడిచింది, దానికి తోడు అడ్డపొగ. తెలియనివాళ్ల కోసం: చుట్ట వెలిగించిన కొసని నోట్లోపల పెట్టుకుని తాగడం. మా వైపు పెద్దతరం ఆడవాళ్లలో చాలామందికి ఉండేది. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చూసే ఊపిరితిత్తుల పరీక్ష) చేసి సీఓపీడీ అని తేల్చారు. రోజూ పొద్దున ఒక రోటాక్యాప్, ఆయాసం వస్తే ఆస్తాలిన్ (ఊపిరి గొట్టాల్ని త్వరగా వదులుచేసే మందు) పఫ్ రాశారు. ఎలా వాడాలో మందుల షాపు అబ్బాయి అర నిమిషంలో చూపించాడు. మాకు దొరికిన ట్రైనింగ్ అంతే.

రెండు నెలలు పోయాక మీలాగే మేమూ అనుకున్నాం, ఇది పనికిరాదని. "ఏటీ తేడా లేదే అమ్మా" అని ఆవిడ రోజూ అనేవారు. దాంతో నెబ్యులైజర్ కొన్నాం. ఆవిరి కనిపిస్తుంది, మెషీన్ చప్పుడు చేస్తుంది, మందు లోపలికి పోతోందని ఇంట్లో అందరికీ నమ్మకం. రోటాహేలర్, పఫ్ రెండూ డ్రాయర్‌లోకి వెళ్లిపోయాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. నెబ్యులైజర్ బల్ల మీద బొమ్మలా కూర్చుంది. రెండో రాత్రి అత్తయ్యకి గస ఎక్కువైంది, పడుకోలేక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. తెల్లారాక, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు తప్పించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ ఒక సిస్టర్ ముందు అడిగిన మాట: "మామ్మగారూ, మీ పఫ్ మీరే తీసుకుని చూపించండి." అత్తయ్య నొక్కారు, బుగ్గలు లోపలికి పోయేలా లాగారు, నోట్లో ఒక్క క్షణం ఉంచుకుని బయటికి వదిలేశారు. అచ్చం చుట్ట పొగలాగే! ఏడాదిగా ఇంట్లో ఉన్నదాన్ని, నేను ఎప్పుడూ అంత దగ్గరగా గమనించలేదు. ఆవిడ సిస్టర్‌తో అన్నారు కూడా, "పీలస్తన్నాను కదే తల్లీ" అని. పీలుస్తున్నారు, నోట్లోకి.

ఆ సిస్టర్ చెప్పిన తేడా ఇది. పొడి ఇన్హేలర్‌లో గ్యాస్ ఉండదు, పొడిని లాగేది మన ఊపిరే. కాబట్టి ముంజ జుర్రినట్టు మొదటి నుంచే గట్టిగా, వేగంగా లాగాలి. స్ప్రే పఫ్‌లో గ్యాసే మందుని తోస్తుంది. అక్కడ గట్టిగా లాగితే మందు గొంతుకి కొట్టుకుని ఆగిపోతుంది, అందుకే నాలుగైదు సెకన్లు నిదానంగా లాగాలి. రెండింటికీ ముందు ఊపిరి బయటికి వదిలేయాలి (పరికరంలోకి కాదు, పక్కకి తిరిగి), తర్వాత పది సెకన్ల దాకా బిగపట్టాలి. చేతికి ఒకటి ఇలాంటిది, ఒకటి అలాంటిది ఇస్తే పెద్దవాళ్లు తికమకపడరా మరి? వీలైతే అన్నీ ఒకే రకం రాయమని డాక్టర్ని అడగడంలో తప్పు లేదు.

ఇక మీ ప్రశ్నకి. మీ నాన్నగారు గట్టిగా లాగగలిగితే రోటాహేలర్ బంగారంలాంటిది. నొక్కడానికీ పీల్చడానికీ టైమింగ్ కుదరాలన్న గొడవ లేదు. జబ్బు ముదిరి లాగే శక్తి తగ్గితే స్పేసర్‌తో పఫ్ మేలు. స్పేసర్ అంటే పఫ్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం. మందు అందులో కాసేపు ఆగుతుంది కాబట్టి టైమింగ్ టెన్షన్ ఉండదు. ఒక్క నొక్కు, నిదానంగా పీల్చడం, అర నిమిషమో నిమిషమో ఆగి రెండోది. రెండూ ఒకేసారి కొట్టేయకూడదు. మా అత్తయ్యకి వేళ్ల కీళ్ల నొప్పులు, డబ్బా నొక్కలేరు; నేను నొక్కుతాను, ఆవిడ పీలుస్తారు. డాక్టర్ అన్నీ పఫ్‌లోకి మార్చాక కొన్ని వారాల్లో ఆవిడ రెండో అంతస్తు మెట్లు మధ్యలో ఒక్కసారి ఆగి ఎక్కడం మొదలుపెట్టారు. అంతకుముందు నాలుగుసార్లు ఆగేవారు. నెబ్యులైజర్ ఇప్పటికీ ఉంది, బాగా ఎక్కువైన రోజుల కోసం. అయితే ఊపిరితిత్తులు మళ్లీ పూర్వంలా అయిపోతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఏ ఇన్హేలరూ ఆ పని చేయదు. మీ నాన్నగారు ఇంకా సిగరెట్ కాలుస్తుంటే అది మానడమే అన్నిటికన్నా పెద్ద మందు.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. సముద్రపు చెమ్మకి ఉప్పు డబ్బాయే ముద్దకడుతుంది, క్యాప్సూల్ పొడి ఎంత? నేను మొదట్లో వాటిని సీసాలోంచి తీసి స్టీలు డబ్బాలో పోసి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను, తెలివైనదాన్ని కదా! అన్నీ మెత్తబడ్డాయి. కంపెనీ సీసాలోనే ఉంచి మూత బిగించాలి, పొడి చేత్తోనే తీయాలి. క్యాప్సూల్‌కి పారదర్శకంగా ఉండే కొసని ముందు రోటాహేలర్ చదరపు రంధ్రంలో పెట్టి నొక్కాలి. మా తోటికోడలి నాన్నగారైతే నెల రోజులు ఆ క్యాప్సూల్స్‌ని మంచినీళ్లతో మింగారు. నవ్వకండి, చాలా ఇళ్లలో జరుగుతుంది.

అలవాటైపోతుందని చుట్టాలు భయపెడుతున్నారన్నారు కదా. మామూలు ఆస్తాలిన్ పఫ్ ఒక నొక్కులో 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే నలభై నొక్కులంత ఒంట్లోకి పోతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మాత్రకి లేని భయం పఫ్‌కి ఎందుకో నాకు అర్థం కాదు. అలవాటు సంగతి అటుంచి, ఆస్తాలిన్ అవసరం రోజురోజుకీ పెరుగుతోందంటే జబ్బు అదుపులో లేదని అర్థం, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

స్టెరాయిడ్ కలిసిన ఇన్హేలర్ అయితే ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. మా ఇంట్లో వచ్చింది. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి నీడలో ఆరబెట్టండి, గుడ్డతో తుడవొద్దు. రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు వచ్చి మందు గోడలకే అంటుకుంటుంది. డోసుల లెక్క కోసం డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ మార్కర్‌తో రాస్తాను. మాది 120 డోసులది, రోజుకి నాలుగు నొక్కులు, అంటే సరిగ్గా నెల.

పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, మత్తుగా తూలుతున్నా ఇంట్లో పఫ్‌లు కొడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

మీ అంతట మీరు మందు మార్చొద్దు. వచ్చే ఓపీకి రోటాహేలర్, మిగిలిన క్యాప్సూల్స్ సంచిలో వేసుకెళ్లి, డాక్టర్ ముందే నాన్నగారి చేత పీల్చించండి. ఈలోగా రేపు క్యాప్సూల్‌లో ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.