తుడిచినా మళ్లీ జిడ్డేనా? మూడు రోజులు ముట్టుకోకుండా చూడండి

మీరు అడిగింది ఇది: ఏడెనిమిదేళ్ల నాటి గేమ్ కంట్రోలరు, బొటనవేళ్లు ఆనించే స్టిక్కులు రెండూ నూనె రాసినట్టు తయారయ్యాయి, గుడ్డతో తుడిస్తే ఆ పూటకు బాగుంటాయి, మర్నాటికి మళ్లీ అంతే. ఇది చేతి చెమటా, కంట్రోలరే పాడైందా, బాగుచేసుకునే దారి ఉందా అని.

మర్నాటికి మళ్లీ వస్తోందన్న మాటలోనే సగం జవాబు ఉంది. మిగతా సగం నేను రెండు వారాలు తంటాలు పడి తెలుసుకున్నాను.

మా ఇల్లు విశాఖపట్నంలో, లాసన్స్ బే కాలనీ వైపు. మేడ మీద బట్టలు ఆరేస్తే క్లిప్పుల్లోని తీగ ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టే చోటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి హాలంతా నీళ్లయింది. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో, తడవకుండా మిగిలిన వస్తువులన్నీ మూటలు కట్టి అటక ఎక్కించాం. నా కంట్రోలరును ఎంత జాగ్రత్తగా దాచానంటే, పాలిథీన్ సంచిలో పెట్టి, మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేశాను. రెండో కంట్రోలరును మా మేనల్లుడు గాజువాక పట్టుకుపోయాడు. వాడు దాంతో ఏళ్ల తరబడి ఆడాడు. జంతికలు తింటూ ఆడాడు, మామిడికాయ ముక్క నములుతూ ఆడాడు, రెండు మూడు సార్లు కింద పడేశాడు కూడా.

2021లో అటక దులిపినప్పుడు నా సంచి విప్పాను. కంట్రోలరు మీద ఒక్క గీత లేదు. స్టిక్కు మీద వేలు పెడితే మాత్రం సర్రున జారింది. వేలు వెలుగుకు తిప్పి చూస్తే తైలం పూసినట్టు మెరుస్తోంది. అదే వారం మేనల్లుడి కంట్రోలరు చూశాను. స్టిక్కుల మీది గరుకంతా అరిగి నున్నబడింది, సందుల్లో మురికి ఉంది, కానీ జిడ్డు మాత్రం లేదు. పాడుచేసినవాడిది బాగుండటం, దాచుకున్నవాడిది పాడవడం నాకు కాస్త అవమానంగానే అనిపించింది. అయితే చేతి చెమట వల్లే ఇదంతా అన్న అనుమానం మాత్రం అక్కడితో తీరింది. ఏడేళ్లు ఎవరూ ముట్టుకోని వస్తువుకు చెమట ఎక్కడిది?

స్టిక్కు పైన ఉండే మెత్తని టోపీ చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు కాదు. చాలావరకు థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ లాంటి కృత్రిమ పదార్థమే. అది వేలికి మెత్తగా తగలడానికి తయారీలోనే నూనె లాంటి ద్రవాలు కలుపుతారు. వీటిని ప్లాస్టిసైజర్లు అంటారు. అవి ఆ పదార్థపు అణువుల పొడవాటి గొలుసులకు గట్టిగా అతుక్కుని ఉండవు, సందుల్లో ఇమిడి ఉంటాయంతే. ఏళ్లు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ మెల్లగా పైకి చేరతాయి. ఆవకాయ కలిపిన రోజు ముద్దగా ఉండి, మూడో రోజుకు నూనె పైకి తేలడం లాంటిదే. ఎవరూ కొత్తగా పోసింది కాదు, లోపలున్నదే. బడి రోజుల్లో కంపాసు పెట్టెలో రబ్బరును ప్లాస్టిక్ స్కేలుకు ఆనించి వేసవి సెలవులంతా వదిలేస్తే, రెండూ కరిగి అతుక్కుపోయేవి గుర్తుందా? ఆ రబ్బరులోని ప్లాస్టిసైజరే స్కేలులోకి పాకేది. ఇదీ ఆ కుటుంబానిదే.

మా అటక సరిగ్గా శ్లాబు కింద ఉంటుంది. మే నెలలో అక్కడ చెయ్యి పెడితే పొయ్యి పక్కన పెట్టినట్టే. పైకి వచ్చిన నూనె గుడ్డకు గానీ వేలికి గానీ అంటుకుని పోయే వీలు లేక ఏడు వేసవుల పాటు అక్కడే పేరుకుంది. మేనల్లుడి వేళ్లు మాత్రం వచ్చింది వచ్చినట్టే తుడిచేశాయి. నేను దాచిన తీరే నా కొంప ముంచింది.

ఇక్కడ ఒక తేడా చూసుకోండి. వేలు జారితే అది జిడ్డు. వేలు పట్టుకుని, తీస్తుంటే పనస పాలు అంటినట్టు సాగితే అది బంక. రెండింటికీ కారణం వేరు, మందు వేరు. బంక ఎక్కువగా కంట్రోలరు పిడి మీద, వెల్వెట్‌లా మెత్తగా ఉండే పూత మీద వస్తుంది. ఆ పూత సాధారణంగా పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. గాలిలోని తేమ దాని గొలుసులను తెంపుతుంది, రసాయన శాస్త్రంలో దీన్నే జలవిశ్లేషణ అంటారు. తేమ 70 శాతం దాటడం మామూలైపోయిన మన ఊళ్లో పాత గొడుగు పిడి, రేడియో మీటలు, ఖరీదైన పెన్నుల పట్టు అన్నీ ఒకనాటికి బంక సాగేది ఇందుకే. ఆ పూతను బాగుచేయడం కుదరదు, తీసేయడమే. మొబైల్ రిపేరు వాళ్లు బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు అద్ది ఓపికగా రుద్దితే నల్లటి ముద్దలుగా ఊడి వస్తుంది, కింద నున్నటి ప్లాస్టిక్ బయటపడుతుంది. చూడటానికి చవకగా కనిపిస్తుంది గానీ చేతికి హాయిగా ఉంటుంది. మీరు చెప్పిన దాన్నిబట్టి మీది బంక కాదు, జిడ్డే.

నేను చేసిన తప్పులు మీరు చేయకండి. అప్పుడు ఇంటినిండా శానిటైజరు సీసాలే, ముందు దాంతోనే తుడిచాను. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఆవిరైంది, గ్లిజరిన్ మిగిలింది, జిడ్డుకు బంక తోడైంది. తర్వాత మా అమ్మ, సైకిలు ట్యూబుకు పౌడరు చల్లినట్టు దీనికీ చల్లితే సరి అని టాల్కం పౌడరు అద్దింది. ఆ సాయంత్రం నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. మర్నాటికి నూనె, పౌడరు కలిసి బూడిద రంగు ముద్ద తయారైంది. అదే స్టిక్కు చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి దిగితే ఇంకా ప్రమాదం, లోపల స్టిక్కు కదలికను కొలిచే చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, పొడి వాటికి పడదు. నెయిల్ పాలిష్ తీసే ద్రవం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: అందులోని అసిటోన్ కంట్రోలరు ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. నా కంట్రోలరు ఎడమ పక్కన ఒక వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోయింది. పెట్రోలు, కిరోసిన్ మాట అసలు తలపెట్టవద్దు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. గిన్నెలు తోమే ద్రవ సబ్బు ఒక్క చుక్క తడిగుడ్డకు అద్ది, గుడ్డ బాగా పిండి, స్టిక్కు తలను, అంచును, చారలను తుడవండి. మంచినీళ్లతో తడిపి పిండిన మరో గుడ్డతో సబ్బు పోయేలా ఒకసారి తుడవండి. ఆరనివ్వండి. కంట్రోలరును వంచి తలకిందులుగా పట్టుకుని తుడిస్తే నీళ్లు లోపలికి దిగవు. ఆపైన మూడు రోజులు దాన్ని ముట్టుకోకండి. ఒక స్టిక్కు మీద టిష్యూ కాగితం ముక్క కప్పి, రబ్బరు బ్యాండు వేసి ఉంచండి. మూడో రోజు ఆ కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. కాగితం పొడిగా ఉంటే ఇన్నాళ్లూ మీరు చూసింది చేతి జిడ్డు, సన్‌స్క్రీన్, తలనూనె లాంటివే, వారానికోసారి ఇలా తుడుచుకుంటే చాలు. ఆర్‌కే బీచ్‌లో మిరపకాయ బజ్జీ చుట్టి ఇచ్చిన కాగితంలా గుండ్రంగా, పారదర్శకంగా మరక పడిందా, అది రబ్బరు లోపలిదే. నాకు రూపాయి బిళ్లంత మరక పడింది.

దోమల మందు రాసుకునే అలవాటుంటే అది కూడా గుర్తుంచుకోండి. డీట్ అనే రసాయనం కలిసిన మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి. చీకటి పడ్డాక కాళ్లకు, చేతులకు రాసుకుని ఆటకు కూర్చునే వాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

మరక పడితే తుడవడం మానేయండి. ఐసోప్రొపైల్‌లో నానబెడితే నూనె అంతా ఒక్కసారే పోతుంది కదా అని నేనూ అనుకుని ఒక టోపీ మీద ప్రయత్నించాను. నూనె పోయింది, దాంతోపాటు మెత్తదనమూ పోయింది. వారానికి అంచున సన్నటి పగులు వచ్చింది. మెత్తగా ఉంచుతున్నదే ఆ నూనె అయినప్పుడు అది మొత్తం పోతే మిగిలేది గట్టి పెచ్చే.

కాబట్టి టోపీలు మార్చడమే దారి. చాలా కంట్రోలర్లలో వీటిని బయట నుంచి పీకడం కుదరదు, కింది భాగం గొడుగులా విచ్చుకుని, కంట్రోలరు బయటి ప్లాస్టిక్ డొప్పకు ఉన్న రంధ్రం కన్నా వెడల్పుగా ఉంటుంది. డొప్ప విప్పాలి. ప్లేస్టేషన్ 4 కంట్రోలరుకు వెనక 4 మామూలు ప్లస్ స్క్రూలు. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలరు స్క్రూలకు నక్షత్రం ఆకారం, మధ్యలో బొడిపె ఉంటుంది, నడుమ రంధ్రం ఉన్న టీ8 టోర్క్స్ స్క్రూడ్రైవరు కావాలి, ఒక స్క్రూ బ్యాటరీ గదిలో స్టిక్కరు చాటున దాక్కుని ఉంటుంది. తెలియక లాగితే డొప్ప విరుగుతుంది. విప్పాక బ్యాటరీ తీగ ఉంటే దాన్ని ముందే ఊడదీసి, లోపలి బోర్డుకు వెళ్లే పల్చటి రిబ్బను తీగ ఉంటే అది తెగకుండా చూసుకుంటే, టోపీ నిట్టనిలువుగా లాగితే వచ్చేస్తుంది. పక్కకు వంచి లాగకండి, కింది కాడ విరుగుతుంది.

నేను విప్పినప్పుడు లోపల కనిపించింది చెప్పాలి. డొప్ప రంధ్రం లోపలి అంచు చుట్టూ, సైకిలు గొలుసు మీది గ్రీజులా ఒక నల్లటి వలయం. స్టిక్కు తిప్పిన ప్రతిసారీ మెత్తబడిన రబ్బరు అక్కడ రాసుకుని అరిగి, ఆ పొడి నూనెలో నాని పేరుకుంది. దూదిపుల్లకు ఐసోప్రొపైల్ అద్ది తీస్తే ఎనిమిది పుల్లలు నల్లబడ్డాయి. ఆ వలయాన్ని వదిలేసి కొత్త టోపీ పెడితే నెల తిరక్కుండానే దానికీ అంటుతుంది, ఈ పని మాత్రం తొందరలో వదిలేయకండి.

టోపీలు ద్వారకానగర్‌లో రెండు మూడు దుకాణాలు తిరిగితే ఒకచోట దొరికాయి, అప్పట్లో జత 150 రూపాయలు. అమ్మిన కుర్రాడు వేరే మోడలువి చేతిలో పెట్టబోయాడు, అన్నీ ఒకటేనండీ అన్నాడు. ఒకటి కావు. కాడ మందం, రంధ్రం ఆకారం మోడలును బట్టి మారతాయి, పాతది జేబులో వేసుకుని వెళ్లండి. విప్పే ధైర్యం లేకపోతే రిపేరు దుకాణంలో అరగంట పని. పాత టోపీ మీదే సిలికాన్ తొడుగు వేసుకోమని కొందరు చెబుతారు. జిడ్డు మీద వేస్తే అది గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, గురి కుదరదు. కొత్త టోపీ మీద వేసుకుంటే మాత్రం చక్కగా ఉంటుంది, అరుగుదల దానికి పడుతుంది.

ఇప్పుడు నా కంట్రోలరు సంచిలో లేదు. హాల్లో తెరిచి ఉన్న అరలో, పలుచటి నూలు గుడ్డ మీద ఉంటుంది, పక్కన వేరే ప్లాస్టిక్ వస్తువేదీ తగలకుండా. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టి చూశాను. మూసిన డబ్బాలో అయితే పనికొస్తుందేమో గానీ, తెరిచిన అరలో మన ఊరి గాలికి అది రెండు రోజుల ముచ్చటే.

పీకేసిన పాత టోపీలు రెండూ పారేయకుండా, ఏం జరుగుతుందో చూద్దామని మడిచిన పాత దినపత్రిక మీద పెట్టాను. సంక్రాంతికి ఇల్లు సర్దుతూ ఆ పత్రిక తీస్తే, మరక క్రీడల పేజీ దాటి మూడో పొర దాకా దిగి ఉంది. టోపీలు మాత్రం అప్పటికీ వేలికి జారుతూనే ఉన్నాయి.