సాయంత్రం ఐదు గంటలకు ఇంట్లో ఏముంది?

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, రేపటి నుంచి ఇంట్లో కొన్న తిండి ప్యాకెట్ ఒక్కటి కూడా ఉండనివ్వను" అన్నావు. వింటే సంతోషమే అనిపించింది, కానీ ఆ తర్వాత నీకు చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతా, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందుగా, అలమర ఒక్కసారే ఖాళీ చేయకు. నేను చేసి చూశా. మీ పెద్దనాన్నకు బీపీ వచ్చినప్పుడు డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడని, ఇంటికి రాగానే బిస్కెట్లు, మిక్చర్, నూడుల్స్, అప్పడాలు అన్నీ సంచిలో వేసి పక్కింటి వాళ్ళకు ఇచ్చేశా. వారం తిరగకుండానే మీ అన్న పక్కింట్లో కూర్చుని అవే తింటున్నాడు, మీ పెద్దనాన్నేమో ఆఫీసు నుంచి వస్తూ దారిలో బండి దగ్గర బజ్జీలు తినొస్తున్నాడు. నా మీద కోపం ఎవరికీ లేదు, పాపం ఆకలి. తీసేసిన దాని చోట ఏం పెట్టాలో నేను ఆలోచించలేదు, తప్పు అక్కడే జరిగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటి మార్చుకుంటూ వస్తే దాదాపు ఏడాది పట్టింది. నీకు అంత పట్టకూడదనే ఈ ఉత్తరం.

నువ్వు గమనించు, పిల్లలు ప్యాకెట్ అడిగేది ఎక్కువగా ఏ వేళకు? బడి నుంచి వచ్చి బూట్లు విప్పే వేళకు. ఆ నిమిషంలో వాడికి రుచి మీద ధ్యాస ఉండదు, కడుపులో ఏదైనా పడాలి. ప్యాకెట్ చించితే చాలు, మనం చేసేదేమో ఇంకో అరగంటకు వస్తుంది. అందుకే మొదటి నెల పొద్దున టిఫిన్ జోలికి, రాత్రి అన్నం జోలికి పోకు. సాయంత్రం ఐదు గంటలకు బల్ల మీద తినేది సిద్ధంగా ఉండేట్టు చూసుకో, అంతే. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు అవుతుంది కాబట్టి ఆ పని పొద్దున్నే అయిపోవాలి, లేదా మీ అత్తమ్మ సులభంగా ఇచ్చేదై ఉండాలి.

గుడాల కన్నా సులువైనది నాకు తెలిసి లేదు. రాత్రి పడుకునే ముందు బొబ్బర్లో, శనగలో, పెసలో ఓ గ్లాసు నానబెట్టు, పొద్దున అన్నం కుక్కర్ దిగగానే అందులోనే ఉప్పేసి ఉడికించి పెట్టెయ్. ఉడికినవి మధ్యాహ్నం దాకా బయట ఉంచొద్దు, ఎండాకాలం అసలే వద్దు, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టు. సాయంత్రం మీ అత్తమ్మ ఇంత నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెడితే ఐదు నిమిషాలు. ఒకరోజు గుడాలు, ఒకరోజు అటుకుల ఉప్మా, ఒకరోజు మరమరాల్లో టమాటా, ఉల్లిగడ్డ, నిమ్మరసం, ఒకరోజు ఉడికించిన మక్క కంకి, ఒకరోజు జామపండో అరటిపండో గుప్పెడు పల్లీలతో. వారం అయిపోయింది చూడు. చిన్నదానికి ఇంకా మూడున్నరేళ్ళే కదా, దానికి పల్లీలు, పుట్నాలు గింజలుగా మాత్రం ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వేయించిన పల్లీలు, నువ్వులు పొడి చేసి కాస్త బెల్లంతో ఉండ కట్టివ్వు. బెల్లం కూడా తీపే, చక్కెరకు బదులు కదా అని దోసిళ్ళతో వేయకు.

ఆదివారం సర్వపిండి చెయ్. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కారం, జీలకర్ర, ఉప్పు వేసి కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె రాసి చేత్తో పల్చగా ఒత్తు. వేలితో రంధ్రాలు పెట్టే పని పెద్దోడికి అప్పజెప్పు, పొయ్యి ఎక్కించకముందే. తాను చెయ్యి పెట్టినదాన్ని పిల్లవాడు వద్దనడు, మీ అన్న విషయంలో చూశా. ఆ రంధ్రాల్లో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద వదిలెయ్, అడుగు ఎర్రగా కరకరలాడే దాకా.

ఇంట్లో చేసుకోవడమంటే పొద్దస్తమానం నూనె మూకుడు ముందు నిలబడటం అనుకునేవాళ్ళున్నారు. సకినాలు, మురుకులు, గారెలు మన చేత్తో చేసినా పండక్కి చేసుకునేవే. చిప్స్ మానిపించి రోజూ మురుకులు పెడితే పిల్లల ఒంటికి ఒరిగేది ఏమీ లేదు.

రెండో నెల పిండి మొదలుపెట్టు. నువ్వు కొనే దోసె పిండి ప్యాకెట్ అంత చెడ్డదని నేను అనను, కానీ ఇంట్లో పిండి ఉంటే నాలుగు రోజుల టిఫిన్ టెన్షన్ పోతుంది. ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, ఓ చెంచా మెంతులు, ఆరు గంటలు నానాలి. అలవాటయ్యాక ఒక గ్లాసు బియ్యం తగ్గించి కొర్రలో జొన్నలో వెయ్, జొన్నలైతే ముందురోజు రాత్రే నానబెట్టు, గట్టివి కదా. రుబ్బి రాత్రి బయట ఉంచితే తెల్లారేసరికి పొంగుతుంది. చలికాలంలో హైదరాబాద్‌లో పొంగదు, అప్పుడు గిన్నెకు తువ్వాలు చుట్టి పెట్టు, లేదంటే ఇంకో మూడు నాలుగు గంటలు ఆగు. పొంగగానే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, లేకపోతే పులిసిపోయి పిల్లలు మొహం తిప్పుకుంటారు. పెసరట్టుకైతే పులియబెట్టడం కూడా అక్కర్లేదు, రాత్రి నానబెట్టి పొద్దున రుబ్బి పోసేయడమే.

పిల్లల పాలల్లో కలిపే పొడి గురించి అడిగావు. మా ఇంట్లో మేమూ ఏళ్ళ తరబడి పోశాం, బలమని నమ్మి. డబ్బా వెనక చదివిన రోజు నాకు చాలా బాధేసింది, అందులో చక్కెర ఎంత ఉందో అప్పటిదాకా నేను చూడనేలేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్' కింద చూపించొద్దని చెప్పింది. దాని బదులు రాగి జావ అలవాటు చెయ్, 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రెండు చెంచాల రాగి పిండి అర గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి ఐదారు నిమిషాలు తిప్పుతూ ఉడికిస్తే జావ అయిపోయింది. పెద్దవాళ్ళు మజ్జిగ, ఉల్లిగడ్డతో తాగండి, పిల్లలకు పాలు, కొంచెం బెల్లం. వాళ్ళు మొదట్లో తాగరు. పొడి ఒక్కసారే ఆపకుండా రెండు చెంచాలు వేసేచోట ఒకటిన్నర, తర్వాతి వారం ఒకటి, అలా తగ్గించు. నాలుక నెమ్మదిగా మారుతుంది, దానికి కొట్టడాలు తిట్టడాలు వద్దు.

ఇక అల్లుడి మాట. "ఎక్కడ తిన్నా కేలరీలు కేలరీలే కదా" అంటున్నాడని చెప్పావు. చదువుకున్నవాడు, వాదించకు, ఈ సంగతి చెప్పు. అమెరికాలో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూశారు, 2019లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రెండు రకాల భోజనాల్లోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు ఇంచుమించు సమానమే, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో మనిషి రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నాడు, బరువూ పెరిగాడు. మెత్తగా, నమలాల్సిన పని లేకుండా ఉండేది గబగబా లోపలికి పోతుంది, కడుపు నిండిందని తెలిసేలోపే ఎక్కువైపోతుంది. జొన్నరొట్టె అంత వేగంగా తినమను చూద్దాం.

అలాగని ప్యాకెట్‌లో వచ్చేదంతా విషం అన్నట్టు మాట్లాడకు బిడ్డా, అలా మాట్లాడితే ఇంట్లో నీ మాటకు విలువ పోతుంది. ఉప్మా రవ్వ, అటుకులు, పెరుగు, పప్పులు కూడా ప్యాకెట్లోనే వస్తాయి. వెనక పదార్థాల జాబితా చూడు, ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. గోధుమ బిస్కెట్ అని ముందువైపు పెద్ద అక్షరాలుండి, వెనక మొదటి మాట మైదా అయితే అది మైదా బిస్కెట్టే. సోడియం అంకె కనిపిస్తే రెండున్నరతో గుణించు, ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకే రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మీ పెద్దనాన్న విషయంలో మేం కూరలో ఉప్పు తగ్గించి చప్పగా తింటూ, పక్కన అప్పడం, పచ్చడి, మిక్చర్ మాత్రం అలాగే ఉంచాం చాలా రోజులు. లెక్క కట్టాక కానీ ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో మాకు తెలియలేదు. ఊరగాయ ఇంట్లో పెట్టినదైనా ఉప్పు ఉప్పే, వేలితో అద్దుకుని తినాలి.

మీ అత్తమ్మ మనవలకు బిస్కెట్ ఇస్తుందని విసుక్కుంటున్నావు. ఆమె చేతిలో ఇంకోటి పెట్టు. ఆమెకు వచ్చినన్ని పొడులు నీకూ నాకూ రావు, కందిపొడి, కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి ఎలా చేయాలో ఆమెనే అడుగు, పిల్లల ముందే అడుగు. వేడన్నంలో పొడి, ఇంత నెయ్యి ఉన్న ఇంట్లో రాత్రి పది గంటలకు ఎవరూ ఫోన్‌లో తిండి ఆర్డర్ పెట్టరు.

ఇదంతా నువ్వొక్కదానివే మోస్తే మూడో వారానికి పడిపోతావు, మళ్ళీ ప్యాకెట్లు వస్తాయి. ఆ మాట గట్టిగా చెబుతున్నా. ఆదివారం పొద్దున్నే అల్లుణ్ణి, పెద్దోణ్ణి కూకట్‌పల్లి రైతు బజారుకు పంపు, కూరగాయలు వాళ్ళే ఏరి తేవాలి. తెచ్చాక అల్లుడే అల్లం వెల్లుల్లి ఒలవాలి, చిటికెడు ఉప్పు, కాస్త నూనె వేసి మిక్సీ పట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు వస్తుంది. నువ్వు పిండి చూసుకో. రాత్రి పప్పులు నానబెట్టడం పెద్దోడి పని, తొమ్మిదేళ్ళవాడు గ్లాసుతో కొలవలేడా.

పుట్టినరోజుకు వెళ్ళినప్పుడు పిల్లల్ని కేకు దగ్గర ఆపకు. ఊరికి వెళ్ళేటప్పుడు దారిలో ఏదో కొంటారు, కొననివ్వు. రోజూ ఇంట్లో జరిగేదాన్ని చూసుకుంటే చాలు. జ్వరం వచ్చి నీకు ఓపిక లేని రోజు నూడుల్స్ చేసి పెట్టినా నేనేమీ అనను, అందులో ఓ గుడ్డు, రెండు క్యారెట్లు వేసి, మసాలా పొట్లం సగమే వెయ్.

ఈ శనివారం గిర్నీకి వెళ్తున్నా, రాగులు కడిగి ఎండబెట్టాను. జొన్నలు కూడా పట్టించి మీ తమ్ముడు హైదరాబాద్ వచ్చేటప్పుడు రెండూ రెండేసి కిలోలు పంపిస్తా. జొన్నపిండి పాతబడితే రొట్టె విరిగిపోతుంది, ముందు దాన్ని వాడు. మూత గట్టిగా ఉన్న డబ్బాలు రెండు కడిగి బాగా ఆరబెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ