జీపీఎస్ కొంటానన్న చిన్నోడికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇక్కడ కొబ్బరికాయలు దింపుతున్నారు. ఆ గోలలో సగం వినపడలేదు. జీపీఎస్ కొంటానంటున్నావని, ఏది కొనాలో చెప్పమంటున్నావని మాత్రం అర్థమైంది. మిగతాది రాత్రి మీ పెద్దమ్మ చెప్పింది. రొయ్యల మేత కంపెనీలో చేరావట, వారం పొడుగునా బండి మీద చెరువుల చుట్టూ తిరుగుడట, ఆదివారం కోరంగి మడ అడవుల్లో పడవ, చలికాలం వస్తే మారేడుమిల్లి. డబ్బులు మాత్రం ఎక్కువ పెట్టలేనన్నావట. మంచిదే. ఎక్కువ పెట్టాల్సిన పని కూడా లేదు.

ముందు ఒక మాట. నువ్వు అమలాపురంలో ఏ కారు సామాన్ల కొట్టుకెళ్లి జీపీఎస్ కావాలన్నా, వాడు ముందు పెట్టేది ట్రాకర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉంటుంది, లోపల సిమ్ ఉంటుంది, ఏటేటా రీఛార్జి చేయించాలి. బండి ఎక్కడుందో ఇంట్లో కూర్చున్న ఓనరుకి చెబుతుంది. బండి మీదున్న నీకు దారి చెప్పదు. ట్యాక్సీలకి, బస్సులకి పెట్టే ఏఐఎస్ 140 పరికరం కూడా ఇదే జాతిది, కాకపోతే దానికి ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది. మీ బావమరిది ఇలాగే ఒకటి కొనుక్కొచ్చి, స్క్రీన్ ఎక్కడుందని రెండు రోజులు వెతికాడు. నువ్వు నవ్వకు, అక్కడిదాకా నువ్వూ వెళ్లేవాడివే.

ఇక రోడ్డు సంగతి. బండి మీదైనా, కారులోనైనా నీ చేతిలో ఉన్న ఫోను చాలు. అద్దానికి అంటించుకునే కారు నావిగేటర్లకి ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. ఇప్పుడు చవగ్గా వచ్చే ఏడంగుళాల పేరులేని సరుకు జోలికి పోకు. అందులో మ్యాప్ ఏ సంవత్సరానిదో అమ్మినవాడికే తెలియదు, కొత్తది వేయించుకునే దారీ ఉండదు. ఆ డబ్బుతో హ్యాండిల్‌కి బిగించే గట్టి హోల్డరు ఒకటి, బండికి ఛార్జరు ఒకటి, నీళ్లు పడని పౌచ్ ఒకటి కొనుక్కో. మేలైన హోల్డరే తీసుకో. కాలువ గట్ల మీద గుంటలకి నాసిరకం క్లిప్పులు వారం ఆగవు.

ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది తప్పురా. ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ వాటి మానాన అవి పలుకుతుంటాయి, ఫోను వింటుంది, అంతే. సెల్ టవరుతో దానికి పని లేదు. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మ తెచ్చుకోవడానికి. అందుకే ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే గోదావరి జిల్లాల వైపంతా ఆఫ్‌లైన్‌కి దింపి పెట్టుకో. గూగుల్ మ్యాప్స్‌తో పాటు ఆర్గానిక్ మ్యాప్స్ గాని, ఓఎస్ఎమ్ అండ్ గాని వేసుకో. పైసా ఖర్చు లేదు, మారేడుమిల్లి ఘాట్‌లో టవరు పోయినా అవి పనిచేస్తాయి. ఒక్కటి గుర్తుంచుకో. నెట్ లేకుండా చాలా రోజుల తర్వాత ఆన్ చేస్తే మొదటిసారి ఎక్కడున్నావో చెప్పడానికి టైం పడుతుంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందన్న పూర్తి పట్టిక ఆకాశం నుంచి దిగడానికే పన్నెండున్నర నిమిషాలు. చెట్టు కింద నిలబడి ఫోన్‌ని తిట్టకుండా, ఆరుబయట పెట్టి ఒక టీ తాగు.

ఫోన్‌ని నమ్మి నేను బోర్లాపడ్డ కథ చెబుతాను. సఖినేటిపల్లి దగ్గర ఒక పెళ్లి. రాత్రి నరసాపురంలో రైలెక్కాలి. కారు డ్రైవరు ఈ వైపు వాడు కాదు, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకున్నాడు. నేను భోజనం చేసిన మత్తులో వెనక కునుకు తీశాను. బండి ఆగితే కళ్లు తెరిచి చూశాను. ఎదురుగా రేవు. వసిష్ఠ గోదావరి నిండుగా పారుతోంది, అవతలి గట్టున నరసాపురం లైట్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఫోను మాత్రం ఇంకా "నేరుగా వెళ్లండి" అంటోంది. మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఆ పూటకి ఆగిపోయి చాలాసేపయింది. మ్యాప్‌కి పంటు కూడా రోడ్డే కదా. వెనక్కి తిరిగి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి రైలు లేదు. కళ్ల ముందు ఊరు పెట్టుకుని రైలు పోగొట్టుకోవడం మన గోదావరి జిల్లాల్లోనే కుదురుతుంది.

కాబట్టి కారుకి దారి పెట్టేటప్పుడు సెట్టింగుల్లో ఫెర్రీలు వద్దని టిక్కు పెట్టు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య కూడా అంతే. పగలు బండి మీద వెళ్తే మాత్రం ఆ టిక్కు తీసేయి, పంటు ఎక్కితే బోలెడంత దూరం కలిసొస్తుంది. ఇంకోటి, కారులో ఉండి టూవీలర్ మోడ్ పెట్టకు. అది నిన్ను పుంత దారుల్లోకి, కాలువ గట్ల మీదకి తీసుకెళ్తుంది. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే నువ్వు కిలోమీటరు రివర్సు కొట్టాలి.

చెరువుల సంగతి. రైతుని లొకేషన్ పంపమంటే ఇంట్లో మంచం మీద కూర్చుని పంపుతాడు. నువ్వు వాళ్ల ఇంటికెళ్తావు, చెరువు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. పోనీ ఊరి పేరు కొట్టి వెతుకుదామంటే పల్లిపాలేలు ఎన్నో, లంకలు ఎన్నో, ఇంగ్లీషు స్పెల్లింగ్ మనిషికొకటి. మొదటిసారి వెళ్లినప్పుడే చెరువు తూము దగ్గర నిలబడు. స్క్రీన్ మీద నీలం చుక్క చుట్టూ ఉన్న వలయం చిన్నదయ్యేదాకా ఆగు. అప్పుడు సేవ్ చేసుకుని రైతు పేరు, చెరువు నంబరు రాసుకో. నెలరోజుల్లో నీ దగ్గర ఏ మ్యాపులోనూ లేని మ్యాపు తయారవుతుంది. ఉద్యోగంలో నీకు విలువ తెచ్చేది అదే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకొస్తాను. నీళ్ల మీద, అడవిలో ఫోను సరిపోదు. నేను చూసినంతలో ముందు చేతులెత్తేది జీపీఎస్ కాదు, స్క్రీను. ఏప్రిల్ ఎండలో లంక ఇసుక మీద పావుగంట నడిస్తే ఫోను వేడెక్కి వెలుతురు తనే తగ్గించుకుంటుంది. చెయ్యి అడ్డం పెట్టినా ఏమీ కనపడదు. పడవలో తడి వేళ్లతో తాకితే ఒకటి నొక్కితే ఒకటి తెరుచుకుంటుంది. సాయంత్రానికి ఛార్జింగు అయిపోతుంది, అదే ఫోన్‌తో ఇంటికి కబురు చెప్పాలి. అందుకే చేతిలో పట్టుకునే మిషన్ వేరే ఉండాలంటారు. దానికి బటన్లుంటాయి. ఎండ ఎంత ఎక్కువైతే దాని తెర అంత బాగా కనపడుతుంది. రెండు ఏఏ సెల్స్ వేస్తే రోజంతా నడుస్తుంది. అయిపోతే మళ్లీ రెండు.

తక్కువలో కావాలంటే గార్మిన్ ఈట్రెక్స్ వరసలో చూడు. 22ఎక్స్ అనేది రంగుల తెర, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి ఉచితంగా దొరికే మ్యాపులు అందులో వేసుకోవచ్చు. 32ఎక్స్‌లో అదనంగా వచ్చేది దిక్సూచి, గాలి ఒత్తిడితో ఎత్తు చూసే మీటరు. ఎత్తు మీటరు మన డెల్టాలో దండగ. దిక్సూచి లేకపోతే మాత్రం ఒక చిక్కుంది. నువ్వు కదలకుండా నిలబడితే నీ ముఖం ఎటుందో దానికి తెలియదు, బాణం పిచ్చిగా తిరుగుతుంది. పది అడుగులు నడిస్తే సర్దుకుంటుంది. ఆ పది అడుగులు నడిచి డబ్బులు మిగుల్చుకో. ఈట్రెక్స్ ఎస్ఈ అని 2023లో వచ్చింది. అందులో వివరమైన మ్యాప్ ఉండదు, గుర్తులూ నడిచిన దారీ చూపిస్తుంది. సెల్స్ మాత్రం నూట అరవై ఎనిమిది గంటలు వస్తాయని కంపెనీ లెక్క. నీ మడ అడవికి అది కూడా చాలు. ధరలు నెలనెలా మారతాయి, నేను చెప్పను. రెండు మూడు చోట్ల చూసి, మన దేశం వారంటీ ఉన్న బిల్లుతోనే తీసుకో.

దుబాయ్‌లో ఉన్న మీ మామయ్యకి చెప్పి ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే రకం మాత్రం తెప్పించుకోకు. వినే మిషన్‌కి ఫరవాలేదు గాని, ఆకాశంలోకి పంపే మిషన్ మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాడకూడదు. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు.

డబ్బా మీద ఐపీఎక్స్7 అని రాస్తారు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదని దాని అర్థం. తేలుతుందని కాదు. తాడు కట్టి మెడలోనో పడవకో వేసుకో. ఉప్పునీళ్లు తగిలితే ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడుగు. వాడని నెలల్లో సెల్స్ తీసి పక్కన పెట్టు, లోపల కారాయంటే కాంటాక్టులు తుప్పు పట్టిపోతాయి. మిషన్‌లో సెల్ రకం ఎంచుకునే చోట నువ్వు వేసింది ఛార్జింగ్ సెల్స్ అయితే అదే పెట్టు, లేకపోతే ఎంత మిగిలిందో తప్పు చూపిస్తుంది.

కొన్న రోజు తప్పక చేయాల్సిన పని అక్షాంశ రేఖాంశాల పద్ధతి చూసుకోవడం. ఇది నా తల మీదకొచ్చిన విషయం, కాస్త ఓపిగ్గా చదువు. కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో అమలాపురం పక్కన ఒక కాలువ గట్టు కారుతుంటే మిషన్ మీద చూసి కాగితం మీద 16.58 అని రాసి పైకి పంపాను. నా మిషన్‌లో ఉన్నది దశాంశాలు. అక్కడివాళ్లు పదహారు డిగ్రీల యాభై ఎనిమిది నిమిషాలు అని చదువుకున్నారు. డిగ్రీకి అరవై నిమిషాలు కదా, ఆ లెక్కన గుర్తు నలభై కిలోమీటర్లు పైకెళ్లి బిక్కవోలు దగ్గర్లో పడింది. అక్కడ అంతా బాగానే ఉందని జవాబొచ్చింది. ఇక్కడ గట్టు మీద నేను ఇసుక బస్తాలతో కూర్చున్నాను. తప్పు నాదే, చుక్క తర్వాత డిగ్రీలని రాయలేదు. నువ్వు ఫోన్‌లోనూ మిషన్‌లోనూ ఒకే పద్ధతి పెట్టుకో, దశాంశాలైతే సుఖం. డేటమ్ అంటే భూమి ఆకారాన్ని ఏ లెక్కన తీసుకోవాలన్నది, అక్కడ డబ్ల్యూజీఎస్ 84 ఉంచి ఇంక దాన్ని కదపకు. పాత సర్వే మ్యాపులు, అదే టోపో షీట్లు, ఎవరెస్ట్ అనే పాత లెక్కవి, కలిపితే కొన్ని వందల మీటర్లు తేడా వస్తుంది.

ఎత్తు అంకె చూసి కంగారు పడకు. అంతర్వేది బీచిలో నిలబడితే కొన్ని యాప్‌లు సముద్ర మట్టానికి డెబ్బై, ఎనభై మీటర్ల కింద ఉన్నావని చూపిస్తాయి. అవి సముద్రాన్ని కాదు, భూమిని నున్నటి గుడ్డులా ఊహించుకున్న లెక్కని చెబుతాయి. మన వైపు అసలు సముద్ర మట్టం ఆ గుడ్డు కంటే అంత లోపలికి ఉంటుంది. మీ పెద్దమ్మకి ఒకసారి చూపిస్తే, మరి మనం మునిగిపోలేదేంటి అంది.

నిలువునా సరే, అడ్డంగా ఎంత తేడా అని అడుగుతావేమో. ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్లు. దట్టమైన మడలో ఇంకాస్త. 2000 మే దాకా అమెరికా వాళ్లు కావాలనే సిగ్నల్‌లో తప్పు కలిపేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. గ్లోనాస్, గెలీలియో, మన నావిక్ అని జీపీఎస్ లాంటి వేరే దేశాల, మన దేశపు ఉపగ్రహాల పేర్లు పెట్టె మీద ఎన్ని రాస్తే అంత మంచిదే గాని, ఆ పేర్ల కోసం వేలు ఎక్కువ పెట్టకు.

కోరంగి పాయల్లోకి వెళ్లేటప్పుడు మ్యాప్ చూడకు, ట్రాక్ చూడు, అంటే నువ్వు వెళ్లిన దారిని మిషన్ గీసే గీత. పడవ ఎక్కగానే ట్రాక్ ఆన్ చేసి, రేవు దగ్గర గుర్తు పెట్టు. తిరిగొచ్చేటప్పుడు వెళ్లిన గీత మీదే రా. ఎందుకంటే మ్యాప్‌లో పాయ ఉన్నచోట ఇప్పుడు మేట ఉండొచ్చు, మేట ఉన్నచోట నీళ్లుండొచ్చు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. అలాంటి వరద తర్వాత లంకల అంచులు ఎన్ని చోట్ల జారిపోయాయో ఏ మ్యాపూ వెంటనే చెప్పదు. పైగా నువ్వు వెళ్లిన గీత కూడా పోటులో గీసింది. నీళ్లు వెనక్కి తీసే పాటు మొదలైతే అదే గీత మీద పడవ బురదలో కూర్చుంటుంది. ఎప్పుడు వెనక్కి తిరగాలో సరంగుని అడుగు, మిషన్‌ని కాదు.

పాతది ఎవరైనా అమ్ముతానంటే ఆన్ చేసి తేదీ చూడు. ఉపగ్రహాలు వారాలు లెక్కపెట్టే అంకె 1024 దాకా వెళ్లి మళ్లీ సున్నాకొస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది, కొన్ని పాత మిషన్లలో తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కిపోయింది. చోటు సరిగ్గానే చెబుతాయి. తేదీ తప్పుంటే బేరం తగ్గించు.

ఇంతా చెప్పి ఇప్పుడే కొనమనడం లేదు. అటక మీద నా పసుపుపచ్చ మిషన్ ఉంది. మ్యాప్ లేదు, రంగుల్లేవు, గుర్తు పెడుతుంది, దారి గీస్తుంది. ఈ చలికాలం అదే వాడు. నాలుగు ఆదివారాలు దాన్ని జేబులోంచి తీశావంటే అప్పుడు కొత్తది కొనుక్కో, తక్కువైతే నేను వేస్తాను. తీయలేదంటే నీకు ఫోను చాలన్నమాట. ఆదివారం రా, మన గేటు దగ్గర నిలబడి మూడుసార్లు గుర్తు పెట్టి, ఎంత తేడా వస్తుందో టేపుతో కొలిచి చూద్దాం.

వచ్చేటప్పుడు ఏఏ సెల్స్ నాలుగు పట్టుకురా. ఇక్కడి కొట్లో ఉన్నవి గోడ గడియారానికి వేస్తేనే నెల రావట్లేదు.

ఇట్లు
మీ పెదనాన్న